సూదులు ఆగినచోట

కామేశ్వరి మేడమ్ స్టాఫ్ రూమ్ బల్ల మీద పేపరు పరిచి, మడతలు పోయేలా అరచేత్తో నిమిరింది. తబితకు మొదట కనబడింది తన పాస్‌పోర్టు ఫొటో. ఇంటర్ హాల్‌టికెట్టు కోసం తీయించుకున్నది. ఒక జడ ముందుకు, ఒక జడ వెనక్కి. ఫొటో కింద పేరు, పేరు కింద ఊరు.

"చూశావా, జిల్లా పేజీలో సగం నీదే," అంది మేడమ్. "మొదటి బహుమతి. రాజమండ్రిలో కథల శిబిరానికి కూడా పిలిచారు. రాసేవాళ్ళ మధ్య కూర్చుని చదవడం, రాయడం, అంతే. నా చిన్నతనంలో ఎవరైనా అలా పిలిచుంటే ఎగిరి గంతేసేదాన్ని. ఏంటమ్మా, మాట్లాడవేం?"

సంతోషం రాకపోలేదు. వచ్చింది. గుమ్మం దాకా వచ్చి, లోపల ఎవరున్నారో చూసి, చెప్పులు విడవకుండానే వెళ్ళిపోయిన చుట్టంలా పోయింది. ఊరి పేరు ఎందుకు వేశారసలు? తబిత కళ్ళకు అదొక్కటే కనబడుతోంది. ఆ ఊళ్ళో లేసు అల్లే ఆడవాళ్ళందరికీ దారం ఇచ్చేది ఒక్కడే, చంద్రరావు గారు. కథలో ఒక లేసు ఏజెంటు ఉన్నాడు. మంచివాడు కాదు.

"ఊరి పేరు లేకుండా వేస్తే బావుండేదండి."

"ఎందుకూ?"

"ఏం లేదండి."

మేడమ్ నవ్వింది. "కిందటేడు నువ్విచ్చిన కథ గుర్తుందా?"

గుర్తుండకపోవడమేంటి! అందులో ఒక మేడ, మేడలో పియానో, కిటికీ అద్దం మీద వాన. తబిత ఇంట్లో కిటికీకి అద్దమే లేదు, రెండు చెక్క తలుపులు, ఒక గడియ. మేడమ్ ఎర్ర ఇంకుతో 'ఇది నువ్వు తడిసిన వాన కాదు, చదివిన వాన' అని రాసి వెనక్కిచ్చింది. ఆ తర్వాత ఏడాదంతా లైబ్రరీలోంచి ఒక్కో పుస్తకం తీసిచ్చేది. తిరిగిచ్చేటప్పుడు కథేంటని అడిగేది కాదు. పుస్తకం మూసి పట్టుకుని, "ఫలానా చోట ఆవిడ చేతులు ఏం చేస్తున్నాయి?" అని అడిగేది. తబిత నీళ్ళు నమిలేది. మళ్ళీ చదివేది. అలా చదవగా చదవగా, పుస్తకంలో చేతులు చూసిన కళ్ళకి ఇంట్లో చేతులు కూడా కనబడటం మొదలైంది.

"ఈ కథలో ఆ పెద్దావిడ వేళ్ళు రాశావు చూడు," అంది మేడమ్, పేపరు మడిచి ఇస్తూ, "అది ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు. అది నీదే."

తబిత పేపరును టిఫిన్ బాక్సు సంచిలో, బాక్సు కిందికి తోసింది. బస్టాండు దగ్గర పునుగుల బండివాడు పాత పేపర్లు చింపుతుంటే చూసి, ఈ పేజీ కూడా రేపటికల్లా ఊరూరా నూనె పీల్చేస్తే ఎంత బావుణ్ణని మనసారా ప్రార్థించింది. ఆటోలో ఎదురుగా కూర్చున్నాయన పేపరు విప్పితే చున్నీ ముఖానికి అడ్డం లాక్కుంది. ఆయన రొయ్యల ధరలు చూసుకుని మడిచేశాడు.

ఇంటికి వచ్చేసరికి అరుగు మీద అందరూ ఉన్నారు. అమ్మ రాహేలు, పక్కింటి వీరవేణి, నాన్న అక్కగారు బేబత్త, గోడకు జారబడి ఎదురింటి పాపాయమ్మ మామ్మ. ముగ్గురి ఒళ్ళో తెల్ల దారపు ఉండలు, చేతుల్లో కొక్కెం సూదులు. మామ్మ చేతుల్లో మాత్రం ఏమీ లేదు. చూపు తగ్గిందని చంద్రరావు గారు ఆవిడకి దారం ఆపేశాడు. కోప్పడలేదు, కసురుకోలేదు. "రెస్టు తీసుకోండి మామ్మగారూ," అన్నాడు. అప్పట్నుంచీ మామ్మ రెస్టే తీసుకుంటోంది. కోడలు పెట్టినప్పుడు తింటోంది.

"వచ్చిందండీ మన రేడియో!" అంది వీరవేణి. "కాళ్ళు కడుక్కుని రావే. మొన్న సీరియల్లో ఆ పిల్ల పెట్టె సర్దుకుంటంటే ఆపేశావు. రాత్రల్లా నాకు అదే బెంగ."

సూది పట్టిన చేతికి పుస్తకం పట్టుకునే వీలుండదు. అందుకని ఆ అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒక చదువుకునే పిల్ల చదివి వినిపించాలి. తబితకి అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన నాటి నుంచీ ఆ పని తబితదే. వారపత్రిక సీరియళ్ళు, దావీదు కీర్తనలు, పేపర్లో దొంగతనాలు, ఏదైనా సరే. బావుందనీ బాలేదనీ ఎవరూ నోటితో చెప్పరు. సూదులు ఆడుతూ ఉంటే మామూలుగా ఉన్నట్టు. వీరవేణి ఆవలిస్తే తిప్పెయ్యమని. ఎప్పుడో ఒకసారి, ఏదో ఒక వాక్యం దగ్గర, అన్ని సూదులూ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఆ వాక్యాన్ని తబిత మర్నాడు పొద్దున తనలో తనే మళ్ళీ చదువుకునేది. అందులో ఏముందో, ఎందుకు ఆగాయో తెలుసుకోవాలని.

ఈవేళ తబిత మనసు పేజీ మీద లేదు. పెట్టె సర్దుకునే పిల్ల సర్దుకోవడం పూర్తయ్యేలోపు రెండుసార్లు వరస తప్పింది.

"ఏంటే, జొరమా?" అంది రాహేలు.

"తలనొప్పమ్మా."

బేబత్త తల తిప్పింది. నేరుగా తబిత ముఖంలోకి కాదు, కొంచెం పక్కకి. ఈ మధ్య ఆవిడ ఎవర్ని చూసినా అలాగే చూస్తోంది. "గొంతులో దడుపుంది దీనికి," అంది. "ఎవరైనా ఏమన్నా అన్నారేంటే కాలేజీలో?"

"ఎవరేమంటారత్తా!"

చక్కెర జబ్బు బేబత్త కళ్ళకి దిగింది. మధ్యలో మసక, అంచుల్లో కాస్త వెలుతురు. ఈ సంగతి ఈ అరుగుకి తెలుసు, అరుగు దాటి ఎవరికీ తెలియదు. అల్లేటప్పుడు బేబత్త దారాన్ని చూడదు. ఎడమచేతి బొటనవేలి గోటితో ఒక్కో గొలుసు కుట్టునీ తడుముకుంటూ, పెదవులు కదలకుండా లెక్కపెట్టుకుంటుంది. తప్పితే వేలు అక్కడే ఆగి, వెనక్కి వెళ్ళి, తప్పిపోయిన పిల్లని వెతుక్కున్నట్టు వెతుక్కుంటుంది. లోపలి పువ్వులు అలా అయిపోతాయి. అంచు దగ్గర సన్న పని మాత్రం వేళ్ళకు అందదు. అది తబిత చేసేది. కాలేజీ నుంచి రాగానే బేబత్త ఇంట్లో తలుపు చాటున కూర్చుని, తన చేతి బిగువు బేబత్త చేతి బిగువులా ఉండేట్టు చూసుకుంటూ.

ఆ సాయంత్రం తబిత పేపర్ని అటక మీద క్రిస్మస్ స్టారు పెట్టెలో దాచింది. డిసెంబరు దాకా ఆ పెట్టె ఎవరూ ముట్టరు.

శుక్రవారం తలనొప్పి నిజంగానే వచ్చింది. కాలేజీకి వెళ్ళలేదు. అమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు అటకెక్కి, స్టారు పెట్టె దించి, తన కథని తనే పోలీసులా చదివింది. ఎక్కడైనా చంద్రరావు గారి వేలిముద్ర మిగిలిపోయిందా అని.

జరిగింది వేరు. బేబత్త అల్లిన పెద్ద టేబుల్ గుడ్డ మీద చెమట మరక ఉందని, "విప్పేసి దారం ఇచ్చెయ్యండమ్మా, ఏమనుకోకండి," అన్నాడు చంద్రరావు గారు. అందరి ముందూ. బేబత్త నవ్వుతూనే కొస పట్టుకుని లాగింది. ఒక్కో పువ్వూ విడిపోతూ వంకర్లు తిరిగిన దారమై ఆవిడ పాదాల మీద కుప్పపడింది. చంద్రరావు గారు అంతసేపూ టీ తాగాడు. ఆ టీ ఇచ్చింది తబితే.

కథలో అవన్నీ మార్చేసింది. చంద్రరావు గారు బక్కపల్చన, కథలో వాడు బాన పొట్ట. ఈయనకి మీసాల్లేవు, వాడికి గుబురు మీసాలు పెట్టింది. ఈయన్ని బండి దింపి వాణ్ణి సైకిలెక్కించింది. ఈయన అండీ అనందే మాట్లాడడు, వాడు నోరు విప్పితే బూతులు. టేబుల్ గుడ్డ తీసేసి చంటిపిల్ల టోపీ పెట్టింది. విప్పించడం కూడా మార్చి, వాడిచేత కత్తెరతో కరకరా కోయించింది. ఎంత వెతికినా ఏమీ మిగల్లేదు. గుండె కాస్త కుదుటపడింది.

అయినా వీధిలో బండి చప్పుడైతే చాలు, కిటికీ సందులోంచి తొంగి చూసేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటాడు కదా! ఆయన తడుముకుంటే? పైకి ఒక్క మాటనడు. "ఆర్డర్లు తగ్గాయండి," అంటాడు. అమ్మకి దారం ఉండదు, అత్తకి ఉండదు, వీరవేణికి ఉండదు. రొయ్యల చెరువుల మీద కాపలా కాసే నాన్న తెచ్చేదాంతో ఇల్లు ఎన్నాళ్ళు నడుస్తుంది? రాయకపోతే ఏం పోయింది? పియానో గురించి రాసుకుంటే ఎవరికీ కోపం రాదు కదా!

భయమేసినప్పుడల్లా బేబత్త వేళ్ళ గురించి రాసిన చోటికి వెళ్ళి చదువుకుంది. అక్కడికి వచ్చేసరికి భయం పోయేది. గోటితో తడుముకోవడం, పెదవులు కదలని లెక్క, తలుపు చాటున మేనకోడలు అల్లే అంచు, అంతా ఉన్నది ఉన్నట్టు. మార్చాల్సిన అవసరమే కనబడలేదు. అంత ఇష్టంగా రాసింది మరి.

శనివారం మధ్యాహ్నం చంద్రరావు గారు వచ్చాడు. బండి స్టాండు వేసి, హెల్మెట్టు అద్దానికి తగిలించి, చెప్పులు ఒకదాని పక్కన ఒకటి వరసగా పెట్టి అరుగెక్కాడు. రాహేలు నీళ్ళ చెంబు ఇచ్చింది. ఆయన అరుగు అంచున కూర్చుని నల్లగుడ్డ మోకాళ్ళ మీద పరుచుకున్నాడు. లేసుని దాని మీద పరిస్తే ఒక్క గొలుసు తప్పినా కనబడిపోతుంది. తర్వాత సంచిలో చెయ్యి పెట్టాడు. లెక్కల పుస్తకం వస్తుందనుకుంటే, మడిచిన పేపరొకటి బయటికి వచ్చింది.

తబిత గుమ్మంలో నిలబడి ఉంది. 

"ఏమండీ రాహేలమ్మగారూ, చెప్పనే లేదు! మీ అమ్మాయి పేరు పేపర్లో పడిందండి. మా అమ్మాయి శ్రీదుర్గ చెప్పింది, మీ అమ్మాయి కాలేజీయేగా."

"ఆయ్?" అంది రాహేలు. కూతురి వంక చూసింది. "ఏంటే? ఏం పడింది?"

"కథండి! బహుమతి వచ్చిన కథ. అదీ మన లేసు గురించట. నేనింకా చదవలేదు. రాసినమ్మాయి ఇక్కడుండగా మనం చదువుకోవడమేంటి? రామ్మా, చదువు. నేను మీరల్లిన పీసులు చూసుకుంటూ వింటాను."

"వద్దండి," అంది తబిత. ఆ మాట తనకే వినబడలేదు.

"ఓసి, సిగ్గే!" అంది వీరవేణి. "రోజూ ఎవరిదో చదువుతావు, నీది చదవడానికేం? రా రా!"

పాపాయమ్మ మామ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. బేబత్త ముఖం వెలిగిపోయింది. "మా తబితే?" అంది. "మా తబిత కథా?"

తబిత కూర్చుంది. పేపరు మోకాళ్ళకి ఆనించుకుంది. మొదలుపెట్టింది. వదిలేద్దామా కొన్ని వాక్యాలు? పేపరు ఆయనది, ఇంటికి వెళ్ళి చదువుకుంటాడు. వదిలేస్తే అప్పుడు తెలిసిపోతుంది. వదల్లేదు. ఏజెంటు సైకిలు దిగే చోటికి వచ్చేసరికి గొంతు తగ్గించింది. టోపీని కత్తెరతో కోసే చోట కళ్ళు పైకెత్తకుండా, ఊపిరి తీసుకోకుండా, వాగు దాటినట్టు ఒక్క పరుగున దాటేసింది.

చంద్రరావు గారు చేతిలో పీసు నల్లగుడ్డ మీద పెట్టేశాడు.

"కత్తెరతో కోసేశాడా!"

తబిత పేపర్లోనే చూస్తోంది.

"దుర్మార్గుడు! ఆడవాళ్ళ కష్టం అలా కోసేస్తాడా ఎవడైనా? ఉంటారండి ఇలాంటివాళ్ళు. పాలకొల్లు వైపు ఒకడున్నాడు, అచ్చం వీడే, మీసాలతో సహా." ఆయన నిజంగానే బాధపడ్డాడు. "మనం ఎన్నడైనా కోశామా చెప్పండి? మహా అయితే విప్పమంటాం. దారం వృథా కాదు. బాగా రాశావమ్మాయ్, వాడికి బుద్ధొచ్చేలా రాశావు. ఊఁ, చదువు."

 వీరవేణి కిందికి చూస్తూ పెదవి కొరుక్కుంది. తబితకి ఒళ్ళంతా తేలికైపోయింది. అమ్మయ్య! ఇంత సుళువా! రెండు రోజులు తిండి సయించకుండా చేసిన భయం మీసాల చాటున దాటిపోయింది. గొంతు దానంతటదే బాగుపడింది. ఇక భయం లేని చోటు, తనకి అన్నిటికన్నా ఇష్టమైన చోటు. ఆ హుషారులో తబిత గొంతు పెంచి చదివింది. కథలో ఆ పెద్దావిడ దారాన్ని చూడకుండా గోటితో ఒక్కో గొలుసునీ తడమడం. లెక్క తప్పితే వేలు వెనక్కి వెళ్ళి వెతకడం. సాయంత్రాలు తలుపు చాటున మేనకోడలు కూర్చుని అంచు అల్లి పెట్టడం.

సూదులు ఆగాయి. అమ్మది, వీరవేణిది. మామ్మ ఊరికే ఉన్న చేతుల్ని కూడా దగ్గరకి తీసుకుంది. తన వాక్యం దగ్గర సూదులు ఆగాయి! తబిత తలెత్తింది.

బేబత్త సూది మాత్రం ఆడుతూనే ఉంది. గబగబా, ఎప్పుడూ లేనంత గబగబా. ఎడమచెయ్యి కొంగు కిందికి పోయింది. గొలుసులు ఎక్కడివక్కడ తప్పిపోతున్నాయి. ఆవిడ నేరుగా ఎదురు గోడని చూస్తూ, కళ్ళు బాగా విప్పుకుని, చూపున్న మనిషిలా అల్లుతోంది.

తబితకి అప్పుడు అర్థమైంది. ఆయనంటే భయం గనక ఆయన్ని జాగ్రత్తగా దాచింది. అత్తంటే భయం లేదు గనక అత్తని దాచలేదు.

చంద్రరావు గారు మెల్లగా తలాడించాడు. "ఇది మాత్రం ఎక్కడో చూసి రాసినట్టుందమ్మాయ్," అన్నాడు. "ఇలాంటివి ఊహించి రాయలేరెవరూ. ఎవరావిడ?"

"ఎవరూ కాదండి."

"మన ఊళ్ళోనేనా?" గొంతులో కోపం లేదు. నల్లగుడ్డ మీది పీసుని తిప్పి చూస్తున్నాడు. "ఎందుకంటే చెప్తాను. ఈ మధ్య ఒకటి రెండు పీసుల్లో లోపలి పువ్వు ఒక చెయ్యి, అంచు ఒక చెయ్యి అనిపించిందండి నాకు. పట్నంలో కొనేవాళ్ళు పట్టుకుంటారు. చూపు లేకుండా అల్లితే ఆవిడకీ కష్టం, మనకీ మాట. పాపం, రెస్టు తీసుకోవాల్సిన వయసు కదా." ఆయన చూపు అరుగు మీద చేతుల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తోంది. అమ్మ చేతులు. వీరవేణి చేతులు. "బేబమ్మగారూ, మీరు పూర్తి చేసింది ఇలా ఇవ్వండి చూద్దాం."

రాహేలు ముఖంలో నెత్తురు లేదు. మామ్మ గొణిగింది, "ప్రభువా, ప్రభువా" అని.

"నేను రాయలేదండి!" అంది తబిత.

ఆయన తల తిప్పాడు.

"అది నాది కాదండి. లైబ్రరీలో ఒక పుస్తకంలో ఉందండి. అందులోంచి తీసి రాసేశాను. ఆ ముసలావిడా, వేళ్ళూ అంతా పుస్తకంలోవేనండి."

"కాపీయా?"

"ఆయ్. కాపీయేనండి."

 చంద్రరావు గారు ఒక క్షణం తబితని చూశాడు. తబిత కళ్ళు దించుకుంది. సిగ్గుతో దించుకుందని ఆయన అనుకున్నాడు. గలగలా నవ్వేశాడు.

"ఓర్నాయనో! మా శ్రీదుర్గ అంటానే ఉంది, మన లేసు అల్లేవాళ్ళ పిల్ల అంత రాస్తుందా అని. నేనే లేదు లేదన్నాను. పోన్లే అమ్మా, చిన్నపిల్లవి. నేనెవరికీ చెప్పన్లే. కానీ మళ్ళీ ఇలాంటి పని చెయ్యకు, తప్పు." నవ్వుతూనే, రాహేలు అందించిన బేబత్త పీసుని నల్లగుడ్డ మీద అటూ ఇటూ తిప్పాడు. మనసు నవ్వు మీదే ఉంది. "బావుందండి," అని సంచిలో పెట్టేసి, కొత్త దారపు ఉండలు ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

బండి చప్పుడు మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు.

"కాపీ అని ఎందుకు చెప్పావే?" అంది వీరవేణి. వెంటనే తనే నోరు మూసుకుంది.

బేబత్త ఉండలు కొంగులో మూటగట్టుకుని లేచింది. గోడ పట్టుకుంది. తబిత చెయ్యి అందించబోతే అందుకోలేదు.

"నా వేళ్ళు నీకు కథయ్యాయా!"

"అత్తా, బాగా రాయాలని..."

"బాగానే రాశావు. నాకే ఏడుపొచ్చింది, ఎవరో పరాయి మనిషని. ఆ ముసల్ది నేనేనని తెలిశాక కాళ్ళు చల్లబడ్డాయి. అందరితో చెప్పే ముందు నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా? పక్కనే కూర్చుంటావు కదే!" ఆవిడ గొంతు పెద్దది కాలేదు. "నువ్వు తలుపు చాటున కూర్చుంటే నన్ను కాస్తున్నావనుకున్నాను. చూసి రాసుకుంటన్నావని తెలీదు."

అడుగు అడుగూ తడుముకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. తబిత అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. రాహేలు, ఆయన వదిలేసిన పేపరు తీసి మడిచి తబిత పక్కన పెట్టింది.

ఆదివారం గుడిలో ప్రార్థనకి బేబత్త ఎప్పుడూ కూర్చునే చాప మీద కూర్చోలేదు, వెనక్కి వెళ్ళి కూర్చుంది. పాటల పుస్తకంలో చరణం అందించడానికి పక్కన ఎవరూ లేకపోయినా ఆవిడ కంఠతా పాడింది. సాయంత్రం తబిత అంచు అల్లడానికి వెళ్తే తలుపు గడియ వేసి ఉంది. లోపల రేడియోలో దేవుని వాక్యం వినబడుతోంది. తబిత గట్టిగా పిలవలేకపోయింది. అత్త ఇక ఎప్పటికీ పిలవదేమోనన్న భయం. చంద్రరావు గారి బండి చప్పుడుకి కూడా ఇలా భయపడలేదు తను.

ఎవరికీ చెప్పనన్న మాట సోమవారం పొద్దున్నకే కాలేజీ గేటు దగ్గర తబితకి ఎదురొచ్చింది. మెట్ల మీద ఇద్దరు ఆడపిల్లలు మాట్లాడటం ఆపేశారు. మూడో అమ్మాయి శ్రీదుర్గ, జాలిగా నవ్వింది.

స్టాఫ్ రూమ్‌లో కామేశ్వరి మేడమ్‌తో ఒంటరిగా మాట్లాడే వీల్లేకపోయింది. అటెండెన్సు రిజిస్టరు పట్టుకుని శ్రీదుర్గ కూడా వెనకే వచ్చి నిలబడింది.

"ఏదో అంటున్నారు," అంది మేడమ్. "నిజమేనా?"

నిజం చెప్పెయ్యాలని గొంతు దాకా వచ్చింది. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట శ్రీదుర్గ ఇంటికి తీసుకెళ్తుంది. సాయంత్రానికి బండి వస్తుంది, నల్లగుడ్డ వస్తుంది.

"నిజమేనండి."

"ఏ పుస్తకం?"

తబిత లైబ్రరీ బీరువా వంక చూసింది. అద్దాల వెనక వరసగా పుస్తకాలు. వాటిల్లో సగం తన చేతులు తిప్పినవే.

"పేరు గుర్తు లేదండి."

మేడమ్ చాలాసేపు తబిత చేతుల్ని చూసింది. చున్నీ కొసని వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్ళీ చుడుతోంది.

"ఇన్నేళ్ళుగా చదువుతున్నాను," అంది మేడమ్, "ఆ పుస్తకం నాకెక్కడా తగల్లేదమ్మా."

తబిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రాజమండ్రి వాళ్ళకి ఏం చెప్పను?"

"కాపీ అనే చెప్పండి. నన్ను పిలవొద్దని చెప్పండి."

శ్రీదుర్గ రిజిస్టరు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మేడమ్ లేచి బీరువా తీసింది. ఒక పుస్తకం లాగి, అట్ట మీది దుమ్ము చీర చెంగుతో తుడిచి ఇచ్చింది. "ఎప్పటికి చదువుతావో అప్పటికే తెచ్చియ్యి," అంది. 

ఇంటికి వచ్చేసరికి అరుగు మీద అందరూ ఉన్నారు. బేబత్త కూడా. తబిత మెట్టు మీదే ఆగిపోయింది. ఎక్కాలా, పక్కనుంచి లోపలికి పోవాలా? ఎక్కితే ఆవిడ లేచి వెళ్ళిపోతుందేమో! అందరి ముందూ అలా లేచిపోతే ఇక ఈ అరుగు మీద తనకి చోటుండదు. పుస్తకం సంచిని ఛాతీకి అదుముకుంది.

"వచ్చిందా?" అంది బేబత్త, దారం మీంచి ముఖం తిప్పకుండా.

"ఆయ్," అంది పాపాయమ్మ మామ్మ. "మెట్టు మీద నిలబడింది."

"నిలబడ్డమేంటి, కూర్చోమనండి."

తబిత కూర్చుంది, దూరంగా. వీరవేణి సూది ఆడిస్తూనే వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. 

"అవునే," అంది బేబత్త. "మొన్న చదివావు చూడు. పుస్తకంలోంచి కాపీ కొట్టానన్నావే, ఆ కథ."

తబిత సంచి కింద పెట్టింది. "ఆయ్, అత్తా."

"ఆ పుస్తకం పూర్తిగా చదివావా?"

"లేదత్తా."

"అందులో ఆ ముసల్దుంది కదా." బేబత్త బొటనవేలి గోరు ఒక గొలుసు మీద ఆగింది. ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు. "దానికి చివరికి ఏమవుద్ది? చూపు పూర్తిగా పోద్దా?"

అన్ని సూదులూ ఆగిపోయాయి. ఈసారి బేబత్తది కూడా. రాహేలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  చదివిన ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు లేదు. తను బాగా రాయాలని చూసిన ఆ వేళ్ళలో ఇంత భయం ఉందని, అంత దగ్గర కూర్చుని కూడా చూడలేదు తను.

"అక్కడిదాకా ఇంకా రాలేదత్తా," అంది.

బేబత్త తల ఊపింది. చేతిలోని పీసుని చేత్తో తడిమి, అంచు వైపు తిప్పి, అందరూ చూస్తుండగానే తబిత వైపు జరిపింది. తబిత దగ్గరకి జరిగి దాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"వచ్చాక ముందు నాకు చెప్పు," అంది బేబత్త. "తర్వాతే ఎవరికైనా."